మేకులక్క భయం

మేకులక్కతో ఏదైనా మాట్లాడాలంటే ముందు ఆమె నోటివంక చూడాలి. పెదవులు బిగించి, ఒక పక్క బుగ్గ ఉబ్బి ఉందంటే లోపల మేకులున్నట్టు లెక్క. అప్పుడు ఎంత అవసరమైన పని మీద వచ్చినవాళ్ళయినా కూర్చోవలసిందే. ఆమె నాలుకతో ఒక్కో మేకును పెదవుల మధ్యకి తోస్తుంది, అయస్కాంతం మొన ఉన్న సుత్తితో దాన్ని అందుకుంటుంది, కుర్చీ చట్రం మీద గుడ్డని లాగిపట్టి ఒక్క దెబ్బ వేస్తుంది. నోట్లోవి అయిపోయేదాకా లోకం ఆగాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఈవిడకి ఇంత పొగరేమిటి, పలకరించినా పలకదు అనుకుంటారు. పొగరు లేదని కాదు గానీ, పలకకపోవడానికి కారణం మాత్రం మేకులే.

ఇందులో ఓ కిటుకు కూడా ఉంది. జవాబు చెప్పడం ఇష్టంలేని ప్రశ్న వస్తోందని పసిగట్టిందంటే, ఆమె చెయ్యి చటుక్కున మేకుల డబ్బాలోకి వెళ్తుంది. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు, ఆమె కొడుతూనే ఉంటుంది. ఇలా ఎన్ని ప్రశ్నలు ఆ కొట్లో దిక్కులేకుండా పోయాయో చెప్పడం కష్టం.

ఆమె పని పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేయడం, పరుపులు కుట్టడం. కింది అంతస్తులో ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. పై అంతస్తులో తమ్ముడు, మరదలు. ఎవరింటి సోఫా వచ్చినా ముందు దాని పొట్ట విప్పుతుంది. దువ్వెనలు, పెన్ను మూతలు, బొమ్మకారు చక్రాలు, ఒంటి చెవిపోగులు దొరుకుతాయి. అన్నీ ఒక చిన్న గుడ్డసంచిలో వేసి, పని పూర్తయ్యాక సోఫా కాలికి కట్టి పంపిస్తుంది. ఇంకో పట్టింపు కూడా ఉంది. సోఫా పైభాగం ఎంత శుభ్రంగా కుడుతుందో అడుగుభాగం కూడా అంత శుభ్రంగానే కుడుతుంది. కింద ఎవరు చూస్తారని ఎవరైనా అంటే, చూసినవాడు చూస్తాడు అంటుంది. ఈ పట్టింపే ఒకరోజు ఆమె కొంప ముంచింది. అది తర్వాత చెప్పుకుందాం.

పని నేర్పింది భర్త. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ చెరో పీట వేసుకుని, ఒకే సోఫాకి చెరోవైపు గుడ్డ లాగేవాళ్ళు. ఒక మధ్యాహ్నం స్ప్రింగులు అయిపోయాయని, కొనుక్కొస్తానని ఆయన బయల్దేరాడు. ఆమె గుమ్మంలో నిలబడి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తిరగడం తిరగడం ఆయన మళ్ళీ రాలేదు. చచ్చిపోయాడనుకునేరు, అదేం లేదు. వేరే ఊళ్ళో వేరే ఆవిడతో, ఇదే పని చేసుకుంటూ నిక్షేపంలా ఉన్నాడని తర్వాత తెలిసింది. స్ప్రింగులు తనే కొనుక్కొచ్చి ఆ సోఫా పూర్తిచేసింది. ఆయన పీట మాత్రం చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయింది. దాన్ని తుడిచేదీ కాదు, పారేసేదీ కాదు.

అప్పట్నించి ఎవరు వెళ్తున్నా గుమ్మంలో నిలబడి సాగనంపడం మానేసింది. తమ్ముడు పెట్టె పట్టుకుని ఊరికి వెళ్తున్నా సరే, లోపల్నించే వెళ్ళిరా అంటుంది. మరదలు దీన్ని కూడా పొగరు కింద జమకట్టింది.

ఒంటరి ఆడమనిషివి, కింద ఒక్కదానివే ఏం పడుకుంటావు, పైకి వచ్చేయమని తమ్ముడు మొదట్లో బతిమాలాడు. "నాకేం భయం" అంది. తర్వాత ఏటేటా అడిగాడు. ఏటేటా అదే మాట. ఆ మాట ఆమెకి ఇంటిపేరులా అయిపోయింది. పైగా ఆ దొంగ సంగతి ఒకటి. వెనక కిటికీలోంచి ఎవడో దొంగ లోపలికి దూరాడట. మేకులక్క దీపం వేసి, వాణ్ణి ఎగాదిగా చూసి, ఎలాగూ వచ్చావుగా, ఆ సోఫా ఆ కొస పట్టుకో, గోడ పక్కకి జరుపుదాం అందట. వాడు బిక్కచచ్చిపోయి, పట్టుకుని, జరిపి, వచ్చిన దారినే పోయాడట. ఈ కథని వీధిలో అందరికీ గోరంతలు కొండంతలు చేసి చెప్పినవాడు వెనకింటి అద్దాలాయన.

మేకులక్క వెనక గోడకి అవతల ఉన్నది అద్దాలాయన కొట్టు, దాని పెరడూ. కిటికీలకి అద్దాలు కోసి అమర్చడం, నిలువుటద్దాలకి చట్రాలు బిగించడం ఆయన పని. ఆమె కంటే కొన్నేళ్ళు చిన్నవాడు, అక్కా అంటాడు. ఆమె సోఫాల అడుగుభాగం మీద జోకులు వేసేది కూడా ఆయనే. మీ సోఫాని తలకిందులుగా వేసుకుని కూర్చోవచ్చక్కా అనేవాడు. ఆయన దగ్గర ఒక కుక్క ఉండేది. గోధుమ రంగు, ఒక చెవి ఎప్పుడూ మడిచినట్టుంటుంది. పేరు పటాసు. ఆ పేరు ఊరికే రాలేదు. పెరట్లో గోడకి ఆనించిన ప్రతి నిలువుటద్దంలోనూ దానికో శత్రువు కనబడేవాడు. పొద్దస్తమానం ఆ శత్రువులతో పోట్లాట, దాని వెనక అద్దాలాయన పగలబడి నవ్వడం, ఈ రెండు చప్పుళ్ళూ గోడ దాటి మేకులక్క సుత్తి చప్పుడుతో కలిసిపోయేవి.

ఆ కొట్టు మూతపడింది. కిటికీలన్నీ అద్దాలతో సహా ఫ్యాక్టరీలోనే తయారై వస్తుంటే, కోసి అమర్చేవాడి అవసరం ఎవరికుంటుంది? అద్దాలాయన అలాంటి కిటికీలు అమ్మే ఒక పెద్ద షోరూంలో కౌంటరు దగ్గర చేరాడు. చొక్కాకి పేరు రాసిన బిళ్ళ పెట్టుకోవాలి, వచ్చినవాళ్ళకి వంగి నమస్కారం చెప్పాలి. తన చేతి పనిని మింగేసిన సరుకునే తను అమ్మాలి. అద్దెకున్న మేడమీది వాటాలో కుక్కలు కుదరవని ఇంటావిడ చెప్పేసింది. కొట్టు స్థలం ఇంకా ఆయన చేతిలోనే ఉంది గనక, కాపలా ఉంటుందని పటాసుని పెరట్లోనే గొలుసుతో కట్టేశాడు. కాపలా కాయడానికి అక్కడేముంది? విరిగిన చెక్క స్టాండ్లు కొన్ని, ఒక మూల ఎవరూ పట్టుకెళ్ళని నిలువుటద్దం ఒకటి.

మొదట్లో రోజూ వెనక సందులోంచి వచ్చి తిండీ నీళ్ళూ పెట్టి వెళ్ళేవాడు. తలెత్తేవాడు కాదు. కొట్టు చూస్తే ఏడుపొస్తుందేమోనని భయపడ్డట్టు, గిన్నె పెట్టడం, వెనక్కి తిరగడం అంతే. తర్వాత రోజు మార్చి రోజు అయింది. ఆ తర్వాత ఎప్పుడొస్తాడో ఎప్పుడు రాడో తెలియకుండా పోయింది.

ఒకరోజు పొద్దున మేకులక్క వెనక కిటికీ తెరిచి, ఏదో తక్కువైందే అనుకుంది. ఏమిటా అని ఆలోచిస్తే, మొరుగుడు. తొంగి చూసింది. పటాసు ఆ మిగిలిన అద్దానికి వీపు పెట్టి సిమెంటు నేల మీద పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. మెడపట్టీ కింద చర్మం రాసుకుపోయి పచ్చిపుండయింది, ఈగలు ముసురుతున్నాయి. తోలుకునే ఓపిక కూడా దానికి లేదు.

నేరుగా వెళ్ళి నీ కుక్కకి తిండి పెట్టడం లేదేమయ్యా అని అడగొచ్చు. కానీ ఎలా అడుగుతుంది? కొట్టు పోగొట్టుకున్న మనిషి. వీధి వీధంతా ఆ మూసిన షట్టరు కనబడనట్టే నటిస్తోంది. అలాంటివాణ్ణి ఆపి నీ కుక్క మాడిపోతోందని చెబితే, ఉన్న కాస్త పరువూ ఊడబెరికినట్టవుతుంది. అందుకని ఆమె దొడ్డిదారి పట్టింది. సోఫా అడుగున అల్లే నార పట్టీ ఒకటి తీసి, దాని కొసకి గిన్నె కట్టి, గోడ మీంచి కిందికి దింపేది. రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్డు, మాంసం మిగిలితే మాంసం. మరదలు పైనుంచి మిగిలినవి పంపిస్తూ, నా చేతి వంట మనుషులు మెచ్చకపోయినా కుక్క మెచ్చుతోంది వదినా అనేది. పటాసు తిన్నాక గిన్నె పైకి లాగేసుకునేది. మరదలికి తప్ప ఎవరికీ తెలియదు. బాగానే సాగింది.

పాడుచేసింది ఆ పరుపు. చలి మొదలైంది, కుక్క చల్లటి సిమెంటు మీద పడుకుంటోంది. ఆమె ఏ పాత గోనెసంచో గోడ మీంచి విసిరి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. గాలికి కొట్టుకొచ్చిందనుకునేవాడు. కానీ మేకులక్క చేతికి గోనెసంచి విసరడం రాదు. మిగిలిన ఫోమ్ ముక్కలు సమంగా కోసింది, ఆకుపచ్చ మందపు గుడ్డ వేసింది, అంచులకి పైపింగ్ పెట్టింది, లోపలి ముక్కలు జరక్కుండా గుండీలు కుట్టింది, అడుగున నల్ల లైనింగ్ కూడా వేసింది. కుక్కకి! అప్పుడు గోడ మీంచి జాగ్రత్తగా జార్చింది. పటాసు కాసేపు వాసన చూసి, దాని మీదకి ఎక్కి ముడుచుకుంది. మేకులక్కకి ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రమే అద్దాలాయన వచ్చాడు. పరుపుని చూశాడు, తిరగేసి అడుగుభాగం చూశాడు. అంతే, ఇంక ఎవరినీ అడగనక్కర్లేకపోయింది.

మర్నాడు ఆమె ఎవరిదో పడక్కుర్చీ ముందేసుకుని కూర్చుని ఉండగా, పరుపుని చక్కగా మడతపెట్టి తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"అక్కా, కొట్టు మూసుకున్నాను గానీ, నా కుక్కని వీధిలోవాళ్ళు సాకే స్థితికి ఇంకా రాలేదు" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు అని ఉండేది. పాపం ఆ క్షణానికి నోటినిండా నిజంగానే మేకులున్నాయి. అవి చేతిలోకి తీసుకునేసరికి ఆయన వెళ్ళిపోయాడు.

అది అక్కడితో ఆగినా బాగుండేది. వెనక్కి వెళ్ళి కిటికీలోంచి చూస్తే పటాసు దాని చోట లేదు. పెరటి ఆ చివర రేకుల కింద కట్టేశాడు. అక్కడికి ఏ పట్టీ అందదు. తన కుక్కకి తనే పెట్టుకోగలనని చూపించడానికి కాబోలు, పెద్ద బేసినెడు తిండి పోసి వెళ్ళాడు. అది కుక్క తినగలిగినంత తినగా మిగిలింది పులిసి కంపుకొట్టింది. ఆ తర్వాత ఆయన జాడ లేదు. మేకులక్క గోడ దగ్గరికి వెళ్ళి పిలిస్తే రేకుల కింద తోక ఒకసారి కదిలేది. మర్నాటికి అది కూడా లేదు. చేతులారా దాన్ని చావుకి ఇంకాస్త దగ్గరగా జరిపానని ఆమెకి అర్థమైంది. ఆ రోజంతా ఒక్క మేకు కూడా కొట్టలేదు.

మరదలు ఒక ఉపాయం చెప్పింది. ఇలాంటి కుక్కల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు, ఫోను చేస్తే బండి వేసుకుని వస్తారని. వస్తారు, నిజమే. గేటు తాళం పగలగొట్టి, వీధంతా చూస్తుండగా తీసుకెళ్తారు. కుక్క బతుకుతుంది. మనిషి సంగతి? ఆయన ఆ కుక్కని ఎందుకు ఎవరికీ ఇవ్వడం లేదో, ఎందుకు దాని మొహం చూడలేకపోతున్నాడో మేకులక్కకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కుక్క కాపలా ఉన్నంతకాలం అది కొట్టే. కుక్క కూడా పోతే ఖాళీ స్థలం. తుడవలేక, పారేయలేక ఒక పీటని అన్నేళ్ళు ఉంచుకున్న మనిషి ఆమె. పీటకి ఆకలి వేయదు, అదొక్కటే తేడా.

సాయం చేస్తానంటే తలవంపులనుకునే మనిషి, సాయం అడిగితే కాదనడు. ఇది తట్టగానే ఆమెకి హమ్మయ్య అనిపించింది. కానీ కుక్క ఉన్నవాణ్ణి ఏ సాయం అడుగుతారు? ఒక్కటే ఉంది. అది అడగాలంటే, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ నోటివెంట రాని మాట ఒకటి అనాలి.

వెనక సందులో కాపు కాసింది. చీకటి పడబోతుండగా ఆయన వచ్చాడు. ఆమెని చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు, మళ్ళీ పరుపు గొడవే అనుకుని.

"ఏమయ్యా, ఒక్క నిమిషం ఆగు. నాకు భయంగా ఉంటోంది" అంది మేకులక్క.

"ఎవరికి?"

"నాకేనయ్యా. కింద ఒక్కదాన్నే కదా. కిటికీ దగ్గర ఏదో చప్పుడవుతోంది. నిద్ర పట్టడం లేదు."

ఆయన ఆమెని పైనుంచి కిందిదాకా చూశాడు. "దొంగచేత సోఫా మోయించారు మీరు."

"అప్పుడు వయసులో ఉన్నాను" అంది. అన్నాక ధైర్యం కూడగట్టుకుని మిగతాది గబగబా చెప్పేసింది. కొన్నాళ్ళు పటాసుని తన గుమ్మంలో ఉంచమంది. తన వెనక కిటికీలోంచి ఆయన కొట్టు కనబడుతూనే ఉంటుంది గనక రెండిళ్ళ కాపలా అవుతుందంది. పని చేయించుకుంటూ పస్తుంచడం తనకి నచ్చదు గనక తిండి తనే పెడతానంది. ఇది మాత్రం కాస్త పెంకెగా అంది.

ఆయన చాలాసేపు తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయాడు.

"కుక్క నాదే" అన్నాడు చివరికి.

"నీదేనయ్యా. నాదని ఎవరన్నారు? ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకెళ్ళు. అడ్డు చెబితే అడుగు."

గేటు తీశాడు. పిలిస్తే పటాసు లేవబోయి లేవలేకపోయింది. ఆయనే వెళ్ళి ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నవాడు అక్కడే ఆగిపోయాడు, చేతుల్లో ఏమీ లేనట్టుందేమిటి అన్నట్టు. ఒకసారి ఆమెవైపు చూసి చూపు తిప్పుకున్నాడు. మేకులక్క కూడా గోడవైపు చూసింది.

వెంట్రుకలకి అతుక్కుపోయిన మెడపట్టీని మేకులక్క తన గుడ్డలు కోసే కత్తెరతో కోసింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే నేను రావలసిన పని ఉండేది కాదన్నాడు. మందులిచ్చాడు, పుండుకి పూత ఇచ్చాడు. ఆకుపచ్చ పరుపు కొట్లో ఒక మూల చేరింది.

అబద్ధం చెప్పడం తేలికే, దాన్ని పోషించడమే కష్టం. కుక్క ఇక్కడికెందుకొచ్చిందని తమ్ముడు బాల్కనీలోంచి అడిగితే, అద్దాలాయన ఆమె మాటే అప్పజెప్పాడు, అక్కకి భయంగా ఉంటోందట అని. తమ్ముడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి వచ్చాడు. ఎన్నాళ్ళనించి, ఎవరైనా వచ్చారా, మాకెందుకు చెప్పలేదు? మేకులక్క గుప్పెడు మేకులు నోట్లో వేసుకుంది. వార్త వీధంతా పాకింది. మూల దుకాణంవాడు టార్చిలైటు పంపించాడు. మందుల షాపాయన నరాల బలానికి ఏదో టానిక్కు చెప్పాడు. దొంగ కథ విని పెరిగిన పిల్లలు ఆమెవంక జాలిగా చూశారు. ఈ చూపులు మాత్రం ఆమెకి సుత్తి దెబ్బల్లా తగిలాయి. మరదలు ఊరుకుంటుందా? నేను ముందునించీ చెబుతూనే ఉన్నాను వదినా అని, ఏళ్ళ తరబడి దాచుకున్న మాటని తీరిగ్గా బయటికి తీసింది.

తమ్ముడు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. అక్క పైకి వచ్చేయాలి, కింది వాటా అద్దెకిచ్చేయాలి. అక్క కొట్టు మూసి, పొద్దున్నించి సాయంత్రందాకా పైన బాల్కనీలో కూర్చుని కూరలు తరగాలి. మేకులక్క ఇరుక్కుపోయింది. భయం లేదంటే కుక్క మళ్ళీ రేకుల కిందికి. ఉందంటే తను మేడమీదికి.

"కుక్క వచ్చాక కాస్త నయంగా ఉంది. అది ఉన్నన్నాళ్ళూ కిందే ఉంటా" అంది.

"వెళ్ళిపోతే?"

"అప్పుడు పైకి వస్తా" అనేసింది. నోరు జారాక నాలుక్కరుచుకుని ఏం లాభం? తమ్ముడు మాట తీసుకుని మరీ వెళ్ళాడు.

పటాసుకి మెల్లగా ఒళ్ళు పట్టింది. బోడిగా ఉన్నచోట బొచ్చు మొలిచింది. మొదటిసారి మొరిగింది మరదలి మీదే. ఇన్నాళ్ళూ వండి పంపింది నేనూ, మొరిగించుకునేదీ నేనేనా అని ఆవిడ లబలబలాడింది గానీ, ఆ సంగతి సాయంత్రానికి నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా. మేకులక్క సుత్తి పట్టుకుంటే పటాసు వచ్చి ఆమె కాలిమీద గడ్డం ఆనించి పడుకునేది. ఆమె కాలు తిమ్మిరెక్కేది. కదిపేది కాదు. కాలు కదపాల్సిన పని ఉంటే ఆ పనే వాయిదా వేసేది. ఒకప్పుడు భర్త పీట ఉన్న చోటికి పరుపు ఎప్పుడు జరిగిందో ఆమెకే తెలియదు.

అద్దాలాయన సాయంత్రాలు షోరూంనించి ఇటే వచ్చేవాడు. మూసిన కొట్టు ముందునించి రానక్కర్లేదు గనక, రావడం తేలికైంది. మొదట గుమ్మం బయటే నిలబడేవాడు. తర్వాత స్ప్రింగులు లేని సోఫా అంచున కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపలికి వచ్చేముందు చొక్కా మీది బిళ్ళ తీసి జేబులో వేసుకునేవాడు. కొన్నాళ్ళకి తీయడం మర్చిపోయాడు. పటాసు ఒంటిమీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆ మెడ దగ్గరి మచ్చ మీద చెయ్యి ఆగి, ఆయన కళ్ళు తుడుచుకోవడం మేకులక్క చూసింది. చూడనట్టు ఇంకో మేకు కొట్టింది. వెళ్ళేటప్పుడు పటాసు వీధి మలుపుదాకా ఆయన వెంట వెళ్ళి, అక్కణ్ణించి తనే వెనక్కి వచ్చేది. మేకులక్క లోపలే ఉండేది. అలవాటు కదా, గుమ్మంలోకి రాదు.

ఒకరోజు ఆయన వెనక కిటికీ దగ్గర నిలబడి పెరడు చూశాడు. ఆ సెలవురోజున వెళ్ళి చెక్క స్టాండ్లన్నీ బయటపడేసి, పెరడు ఊడ్చి, స్థలం దాని యజమానికి అప్పజెప్పేశాడు. మిగిలిన నిలువుటద్దం మోసుకొచ్చి, ఎవరైనా తమ సోఫా ఎలా ఉందో చూసుకోడానికి పనికొస్తుంది అక్కా అని మేకులక్క కొట్లో గోడకి బిగించాడు. పటాసు అందులో తన పాత శత్రువుని చూసి, ఎన్నాళ్ళకి కనబడ్డావురా అన్నట్టు వీధి దద్దరిల్లేలా మొరిగింది. అద్దాలాయన పగలబడి నవ్వాడు. మేకులక్క కూడా నవ్వబోయింది. ఇంతలోనే కొట్టు లేదు, కాపలా అక్కర్లేదు అన్న ఆలోచన వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆమె అనుకున్నంత పనీ అయింది. కొన్నాళ్ళకి ఓ సాయంత్రం ఆయన చేతిలో కొత్త మెడపట్టీ, తోలుతాడుతో వచ్చాడు. ఆమె నోట్లో మేకులున్నాయి. ఆయన సోఫా అంచున కూర్చుని, ఇల్లు మారానని చెప్పాడు. కింది వాటా, ముందు కాస్త చోటుంది, కుక్కలుంటే ఇంటివాళ్ళకి అభ్యంతరం లేదు. పటాసు తాడు వాసన చూసి తోక ఊపింది.

మేకులక్క ఒక మేకు కొట్టింది. అది వంకరపోయింది. ఆమె చేతిలో మేకు వంకరపోవడం ఆ కొట్లో ఎవరూ చూసి ఉండరు.

"మీ భయం పోయిందా అక్కా?" అన్నాడాయన.

పోయిందంటే సరిపోతుంది. అడ్డు చెప్పనని మాటిచ్చింది. పోయిందంటే వీధిలో తన మాట తనకి తిరిగొస్తుంది, టార్చిలైటు తిరిగిచ్చేయొచ్చు. తమ్ముడికిచ్చిన మాట సంగతి ఎలాగో చూసుకోవచ్చు. కుక్క ఆయనది, ఆయన బాగుపడ్డాడు, కుక్క బాగుపడింది. కోరుకున్నదంతా అయింది. మేకులు నోట్లోనే ఉంచుకుని తలాడిస్తే చాలు.

ఆమె మేకులన్నీ అరచేతిలోకి తీసుకుంది.

"పోలేదయ్యా" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "చాలా భయంగా ఉంది."

ఆయన తాడుని వేళ్ళకి చుట్టాడు, విప్పాడు.

"ఆ రోజు సందులో మీరు భయమంటే నేను నమ్మలేదక్కా. దేనికి అంటున్నారో తెలిసింది. తెలిసే ఇచ్చాను" అన్నాడు. "ఇవాళ నమ్ముతున్నాను."

లేచి, తాడుని గోడ మేకుకి తగిలించాడు. మెడపట్టీ మాత్రం పటాసు మెడకి పెట్టాడు, రెండు వేళ్ళు దూరేంత వదులుగా.

"కుక్క నాదే. సాయంత్రాలు వస్తుంటాను."

"నీదేనయ్యా" అంది మేకులక్క.

ఆయన బయల్దేరాడు. పటాసు రోజూలాగే వెంట వెళ్ళింది. ఈసారి మేకులక్క లేచి గుమ్మంలోకి వచ్చింది. ఇద్దరూ మలుపుదాకా వెళ్ళారు. ఆయన ఆగి ఏదో చెప్పాడు, దాని తల నిమిరాడు. తర్వాత ఇద్దరూ మలుపు తిరిగారు. వీధి ఖాళీ అయింది. ఆ మలుపు దగ్గర ఖాళీని ఆమె చూసి ఎన్నేళ్ళయిందో. పిడికిట్లో మేకులు గుచ్చుకుంటున్నా పిడికిలి విప్పలేదు.

కాసేపటికి ముందు మడిచిన చెవి కనబడింది. తర్వాత పటాసు మొత్తం కనబడింది, తొందరేం లేనట్టు అక్కడక్కడా ఆగి వాసనలు చూసుకుంటూ.

"ఏంటి వదినా, గుమ్మంలో నిలబడ్డావు? ఎవరికోసం?" అని పై బాల్కనీలోంచి మరదలు అడిగింది.

మేకులక్క గబగబా మేకులు నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.